ఓర్కాలను చూడాలంటే ఏ రేవు, ఏ పడవ? అసలు పడవే కావాలా?

ఏప్రిల్ నెలాఖరు వచ్చేసరికి సియాటిల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో హడావుడి మొదలవుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తుంటారు. పిల్లలకు సెలవులు దగ్గరపడుతుంటాయి. చూపించాల్సిన చోట్ల జాబితాలో రెయినీర్ పర్వతం తరువాత ఓర్కాలే, అంటే కిల్లర్ వేల్సే ఉంటాయి. అప్పుడు నాకు ఫోన్లు వస్తాయి. "పడవల్లో ఏ కంపెనీ మంచిది?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. ఏటా రెండు మూడు సార్లు ఈ నీళ్ళ మీదికో ఒడ్డుకో వెళ్ళే మనిషిగా నేను చెప్పేది ఏమిటంటే, కంపెనీ సంగతి చివర చూసుకోవచ్చు. మీతో ఎవరు వస్తున్నారో, మీరు చూడబోయేవి ఏ ఓర్కాలో ముందు తేల్చుకోండి. ఆ రెండూ తేలితే పడవ ఎంపిక పది నిమిషాల పని.

ఒకే నీటిలో రెండు వంశాలు

కిల్లర్ వేల్ అని పేరున్నా ఓర్కా నిజానికి డాల్ఫిన్ల కుటుంబానికి చెందినది, ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. సియాటిల్ ముందున్న ప్యూజెట్ సౌండ్, శాన్ హువాన్ దీవుల చుట్టూ ఉన్న జలసంధులు, కెనడా వైపు జార్జియా జలసంధి అన్నిటినీ కలిపి సాలిష్ సముద్రం అంటారు. ఇక్కడ తరచుగా కనిపించే ఓర్కాలు రెండు రకాలు. ఒకే నీటిలో తిరుగుతాయి కానీ ఒకదానితో ఒకటి కలవవు, ఒకదాని తిండి మరొకటి ముట్టదు. 2024లో కొందరు శాస్త్రవేత్తలు వీటిని వేర్వేరు జాతులుగానే గుర్తించాలని ప్రతిపాదించారు.

మొదటివి సదరన్ రెసిడెంట్లు. చేపలే వీటి ఆహారం, అందులోనూ చినూక్ సాల్మన్ అంటే ప్రాణం. జె, కె, ఎల్ అని మూడు గుంపులు. అన్నీ కలిపినా ఇటీవలి లెక్కల్లో 75 దాటలేదు. వీటిలో పుట్టిల్లు విడిచిపోవడం అన్నదే లేదు. కొడుకైనా కూతురైనా బతికినన్నాళ్ళూ తల్లి వెంటే. సాల్మన్ దొరకని ఏడాదుల్లో గుంపును ముందుండి నడిపించేది పిల్లలను కనే వయసు దాటిన అమ్మమ్మలే. 2018లో పుట్టగానే చనిపోయిన బిడ్డను 17 రోజులు తలమీద మోస్తూ తిరిగిన తల్లి, జె35, ఈ వంశానిదే. అమెరికా 2005లో వీటిని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చింది.

రెండోవి బిగ్స్ ఓర్కాలు. కెనడా పరిశోధకుడు మైకేల్ బిగ్ పేరు మీద ఆ పేరు వచ్చింది. ఇవి చేపలు తినవు. సీళ్ళు, సీ లయన్లు, డాల్ఫిన్‌ను పోలిన చిన్న పోర్పాయిస్‌లు వీటి ఆహారం. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక సీళ్ళు మళ్ళీ పెరిగాయి, వాటితో పాటే బిగ్స్ ఓర్కాలూ పెరిగాయి. మూడు నాలుగు, ఐదారు కలిసి చిన్న కుటుంబాలుగా ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. ఈ రోజుల్లో పడవ ఎక్కినవారికి కనిపించేవి ఎక్కువగా ఇవే.

రెండిటినీ పోల్చుకోవడం కష్టం కాదు. వీపు రెక్క కొన చూడండి. బిగ్స్‌కు కొన మొనదేలి ఉంటుంది, రెసిడెంట్లకు కొంచెం గుండ్రంగా వెనక్కి వాలి ఉంటుంది. మగ ఓర్కా రెక్క మనిషంత ఎత్తు, ఆరడుగుల దాకా లేస్తుంది కనుక బైనాక్యులర్ ఉంటే దూరం నుంచే తెలుస్తుంది.

ఈ తేడా మీ ఎంపికను మార్చేస్తుంది. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో ఏ పడవైనా, కయాక్ అయినా సరే, సదరన్ రెసిడెంట్లకు 1,000 గజాల దూరంలో ఉండాలి. బిగ్స్ విషయంలో ఆ దూరం 200 గజాలు. ఈ నిబంధన ఊరికే పెట్టింది కాదు. ఓర్కా చేపను కళ్ళతో వెతకదు, శబ్దంతో వెతుకుతుంది. టిక్కు టిక్కుమని ధ్వని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడుందో కనిపెడుతుంది. ఇంజను హోరులో ఆ ప్రతిధ్వని మునిగిపోతుంది. పడవలు దగ్గరికి వచ్చినప్పుడు ఆడ ఓర్కాలు వేటే మానేస్తున్నాయని పరిశోధనల్లో తేలింది. మన కుటుంబం ఫోటో కోసం బిడ్డ తల్లి పస్తుండటం న్యాయం కాదు. కాబట్టి నా లెక్క ఇది: బిగ్స్ ఓర్కాల కోసమైతే పడవ ఎక్కండి, సాల్మన్ తినేవాటిని చూడాలంటే ఒడ్డున కూర్చోండి.

ఏ రేవు నుంచి బయలుదేరాలి?

సియాటిల్‌లోనో, దానికి కాస్త ఉత్తరాన ఉన్న ఎడ్మండ్స్‌లోనో ఎక్కితే కారు ప్రయాణం తప్పుతుంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ నుంచి అరగంట, ముప్పావుగంటలో రేవు చేరతారు. కానీ ఆ ఆదా అయిన సమయాన్ని నీటి మీద చెల్లిస్తారు. ఓర్కాలు చాలా రోజులు ఉత్తరాన, దీవుల దగ్గర ఉంటాయి. అక్కడికి వెళ్ళి రావడానికే ఐదారు గంటలు పడవలో ఉండాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు మూడో గంటకే విసిగిపోతాడు. అమ్మమ్మ కాళ్ళు వాస్తాయి.

అనకోర్టెస్ మధ్యేమార్గం. సియాటిల్ నుంచి గంటన్నర కారు ప్రయాణం, అక్కడి నుంచి దీవులు దగ్గర. పొద్దున బయలుదేరి రాత్రి భోజనానికి ఇల్లు చేరాలనుకునేవారికి నేను చెప్పేది ఇదే.

ఒక రాత్రి బస చేయగలిగితే మాత్రం ఫ్రైడే హార్బర్‌కు వెళ్ళండి. అనకోర్టెస్‌లో ప్రభుత్వ ఫెర్రీ ఎక్కితే గంటకు పైగా ప్రయాణం. దీవుల మధ్యగా సాగే ఆ ఫెర్రీ ప్రయాణమే సగం యాత్ర. అక్కడ ఎక్కే పడవలు మూడు నాలుగు గంటల్లో తిరిగి వస్తాయి, ఎందుకంటే రేవు దాటగానే ఓర్కాల దారిలో ఉంటారు. వేసవిలో కారుతో ఫెర్రీ ఎక్కాలంటే ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. అవి విడతలవారీగా విడుదలవుతాయి, మొదటి విడతలో దొరకకపోతే నిరాశపడకుండా రెండో విడతకు ప్రయత్నించండి. నడిచి ఎక్కేవారికి రిజర్వేషన్ అక్కర్లేదు. ఛార్జీ వెళ్ళేటప్పుడే తీసుకుంటారు, తిరుగు ప్రయాణానికి టికెట్టు లేదు. ఊళ్ళో 1979 నుంచి నడుస్తున్న వేల్ మ్యూజియం ఉంది. పడవ ఎక్కే ముందు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళండి. ఏ ఓర్కా ఎవరి బిడ్డో అక్కడ చూసి వచ్చిన పిల్లలు పడవలో వేసే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

విక్టోరియా ఊరు అందమైనది, పడవలు నగరం నడిబొడ్డునే ఎక్కవచ్చు. అయితే అది కెనడా. భారతీయ పాస్‌పోర్టు మీద వచ్చిన తల్లిదండ్రులకు కెనడా వీసా విడిగా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి అక్కర్లేదు. హెచ్-1బి మీద ఉన్నవారు తిరిగి వచ్చేటప్పుడు అడిగే వీసా ముద్ర, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే పత్రం) తేదీలు ముందే చూసుకోండి. ఒక్క రోజు యాత్ర కోసం ఇంత పెట్టుకోవడం కన్నా, వీసా ఎలాగూ ఉన్నవారు విక్టోరియాను రెండు మూడు రోజుల ప్రయాణంగా పెట్టుకోవడం మేలు.

అలాంటివారికి ఇంకో మాట. విక్టోరియా నుంచి ఐదారు గంటలు ఉత్తరానికి కారులో వెళ్తే టెలిగ్రాఫ్ కోవ్ వస్తుంది. అక్కడి జాన్‌స్టోన్ జలసంధిలో జూలై నుంచి సెప్టెంబరు దాకా నార్తర్న్ రెసిడెంట్లు తిరుగుతాయి. ఇవీ చేపలు తినేవే కానీ వీటి సంఖ్య 300 పైన ఉంది. దగ్గర్లోని రాబ్సన్ బైట్ తీరంలో నున్నటి గులకరాళ్ళకు ఇవి పొట్ట రుద్దుకుంటాయి. వాటిని ఎవరూ కదిలించకుండా 1982లో ఆ చోటును రక్షిత ప్రాంతం చేశారు, పడవలకు ప్రవేశం లేదు. చిన్నపిల్లలతో అంత దూరం వద్దు. ఓర్కాలంటే నిజంగా పిచ్చి ఉన్న పెద్దవాళ్ళకు మాత్రం దానికి సాటి లేదు.

పెద్ద పడవా, రబ్బరు పడవా?

మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు నేను జోడియాక్ రబ్బరు పడవ ఎంచుకున్నాను. నీటికి దగ్గరగా ఉంటుంది, వేగంగా పోతుంది, పన్నెండు మందికి మించి ఉండరు అని. ఆయనకు అప్పుడు 66 ఏళ్ళు, నడుము నొప్పి పాతదే. అలజడిగా ఉన్న నీటి మీద ఆ పడవ ఒక్కో అల దాటినప్పుడల్లా సీటు కిందనుంచి తన్నినట్టు ఉంటుంది. ఆయన నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, ఇనుప కమ్మీని మాత్రం రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. తరువాత మూడు రోజులు మంచం దిగలేదు. వెన్ను సమస్య ఉన్నవారు రాకూడదని టికెట్టు పేజీలో అడుగున ఎక్కడో రాసి ఉంది. నేను చదవలేదు. ఆ తప్పు నాది.

కాబట్టి గట్టిగా చెబుతున్నాను: అరవై దాటినవారు, గర్భిణులు, వెన్ను లేదా మెడ నొప్పి ఉన్నవారు, చిన్నపిల్లలు ఉంటే క్యాబిన్ ఉన్న పెద్ద పడవే ఎక్కండి. లోపల కూర్చోవడానికి వెచ్చగా ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది, పై అంతస్తు నుంచి చూపు దూరం పోతుంది. ఓర్కా దూరంగా ఉన్నప్పుడు ఎత్తు మీద నుంచి చూడటమే మేలు. ఇబ్బంది ఒకటే. జనం ఎక్కువగా ఉన్న రోజు అందరూ ఒకే వైపు కమ్మీకి చేరతారు, పొట్టివాళ్ళకు ముందువాళ్ళ భుజాలే కనిపిస్తాయి. ఓర్కా కనిపించగానే పరుగెత్తకుండా ఎదుటి వైపు నిలబడండి. కెప్టెన్ పడవను రెండు వైపులకూ తిప్పి చూపిస్తాడు.

జోడియాక్ తప్పు పడవేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న యువకులు నలుగురు కలిసి వెళ్తే దాని ఆనందం దానిదే. పైనుంచి కింద దాకా కప్పే తేలే దుస్తులు వాళ్ళే ఇస్తారు. ఇంజను ఆపినప్పుడు నీటి మట్టంలో కూర్చుని ఓర్కా ఊపిరి వినడం మరిచిపోలేరు. కానీ అందులో మరుగుదొడ్డి ఉండదు, తల దాచుకునే చోటూ ఉండదు.

కయాక్ గురించి అడిగేవారికి: దానిలో దీవులను చూడటానికి వెళ్ళండి, ఓర్కాల కోసం వెళ్ళకండి. నెమ్మదిగా పోయే పడవతో వాటి జాడ పట్టలేరు. కనిపిస్తే అదృష్టం.

పడవ ఏదైనా కెప్టెన్ ఎలాంటివాడో చూసుకోవాలి. మంచివాడు ఓర్కాల దారికి అడ్డుపోడు, పక్కన సమాంతరంగా నెమ్మదిగా నడుపుతాడు, కొంతసేపు చూపించి తానే వెనక్కి తగ్గుతాడు. మేము వెళ్ళిన ఒక పడవలో గైడు రెక్క మీది గాటు, దాని వెనకున్న బూడిదరంగు మచ్చ చూసి, కుటుంబాల ఫోటోల పుస్తకం తిరగేసి "ఇది టి65ఎ వాళ్ళది" అని చెప్పింది. నలుగురు పిల్లలు ఆ పుస్తకం చుట్టూ మూగారు. టికెట్టు కొనే ముందు పడవలో అలాంటి ప్రకృతి గైడు ఉంటారా అని ఒక్క ప్రశ్న అడగండి.

హామీ మాట జాగ్రత్తగా చదవండి

చాలా కంపెనీలు "వేల్స్ కనిపించకపోతే మళ్ళీ ఉచితంగా తీసుకెళ్తాం" అంటాయి. అందులో వేల్స్ అంటే ఓర్కాలే కానక్కర్లేదు. హంప్‌బ్యాక్ తిమింగలం కనిపించినా, మింకీ కనిపించినా హామీ తీరినట్టే. హంప్‌బ్యాక్‌లు ఈ నీళ్ళలోకి బాగా తిరిగి వచ్చాయి, అవీ చూడదగ్గవే. కానీ పిల్లలకు "ఓర్కాను చూపిస్తాను" అని మాట ఇచ్చి ఉంటే ఈ తేడా ముందే చెప్పి ఉంచండి. ఇంకో మెలిక, ఆ రెండో ప్రయాణం డబ్బు రూపంలో రాదు. ఊరి నుంచి వచ్చినవారు వారంలో వెళ్ళిపోతుంటే ఆ హామీ వల్ల వారికి ఒరిగేదేమీ లేదు. అందుకే పడవ రోజును ప్రయాణం చివర పెట్టుకోకుండా మొదట్లోనే పెట్టుకోండి.

ధర విషయానికి వస్తే పెద్దలకు 100 నుంచి 200 డాలర్ల మధ్య ఉంటుంది. చవకగా దొరికిందని ఆరు గంటల ప్రయాణం ఎంచుకోవడం కన్నా ఇంకో ఇరవై ఎక్కువ పెట్టి దగ్గరి రేవు నుంచి ఎక్కడం నాకు లాభంగా తోస్తుంది.

పడవ టికెట్టు అక్కర్లేని చోటు

ఇక నా మనసుకు దగ్గరైన మాట. శాన్ హువాన్ దీవి పడమటి గట్టున లైమ్ కిల్న్ పాయింట్ అనే రాష్ట్ర ఉద్యానవనం ఉంది. ఫ్రైడే హార్బర్ నుంచి ఇరవై నిమిషాల దారి. కారు నిలపడానికి డిస్కవర్ పాస్ (రాష్ట్ర ఉద్యానవనాల్లో పార్కింగుకు కొనే అనుమతి) ఉంటే చాలు, ఇంకే టికెట్టూ లేదు. 1919లో కట్టిన తెల్లటి లైట్‌హౌస్ ఉంటుంది. దాని కింద రాతిగట్టు, ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడే మడ్రోనా చెట్లు. గట్టు అంచు నుంచే సముద్రం లోతుగా దిగిపోతుంది కనుక ఓర్కాలు ఒడ్డును ఆనుకుని పోగలవు.

మా అమ్మను అక్కడికి తీసుకెళ్ళిన రోజు పొద్దున పదింటి నుంచి కూర్చున్నాం. పులిహోర తిన్నాం, ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది. నీటిలో తేలే కెల్ప్ నాచు తలలను చూసి పిల్లలు పదిసార్లు "అదిగో" అన్నారు. రెండు దాటాక, కంటికి ఏమీ కనిపించకముందే చెవికి వినిపించింది, కొలిమితిత్తిని ఒక్కసారిగా నొక్కి వదిలినట్టు ఒక ఊపిరి. గట్టు మీద ఉన్న యాభై మందీ మాట ఆపేశారు. తరువాత ఇంకో ఊపిరి, దాని పక్కనే చిన్నది ఒకటి, పిల్లది. నల్లని రెక్క నీటిని కోసుకుంటూ లేచింది, ఆవిరి ఎండలో ఒక క్షణం నిలిచింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. అవి వెళ్ళిపోయాక చాలాసేపటికి, "పిల్ల తల్లి పక్కనే ఉంది చూశావా" అంది. ఆ రోజు ఏ ఇంజనూ వాటి వెంట లేదు.

అయితే నిజం చెప్పాలి. ఒకప్పుడు వేసవిలో జె, కె, ఎల్ గుంపులు ఈ గట్టు ముందుగా తరచూ పోయేవి. ఫ్రేజర్ నదికి వచ్చే చినూక్ తగ్గాక ఆ రోజులు చాలా తగ్గిపోయాయి. రోజంతా కూర్చుని ఏమీ చూడకుండా లేచి రావచ్చు. కాబట్టి నా సలహా రెండూ కలపమని: మొదటి రోజు పెద్ద పడవ, రెండో రోజు లైమ్ కిల్న్ గట్టు.

శీతాకాలంలో ఉండేవారికి ఇంకా సులువైన దారి ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చమ్ సాల్మన్ కోసం రెసిడెంట్లు ప్యూజెట్ సౌండ్ లోపలికే వస్తాయి. వెస్ట్ సియాటిల్‌లో ఆల్కై తీరం నుంచీ, వాషాన్ దీవిలో పాయింట్ రాబిన్సన్ నుంచీ కనిపించిన రోజులు ఉన్నాయి. ఓర్కా నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద సంస్థ ఎక్కడ కనిపించాయో జనం పంపే కబుర్లను చెబుతుంటుంది. అది చూసి బైనాక్యులర్ పట్టుకుని బయలుదేరడమే.

పడవలకు మే నుంచి సెప్టెంబరు మంచి కాలం. మార్చి, ఏప్రిల్‌లో వచ్చేవారికి ఎవరెట్, విడ్‌బీ దీవి దగ్గర గ్రే తిమింగలాలు కనిపించే అవకాశం ఎక్కువ.

సర్దుకోవలసినవి కొద్దే. ఆగస్టులోనూ నీటి మీద చలి ఉంటుంది కాబట్టి స్వెటరు, గాలి ఆపే జాకెట్టు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. చీర కట్టుకునే అమ్మలకు లోపల ప్యాంటు, కాళ్ళకు బూట్లు ఉంటే మెట్లెక్కడం సులువు. వాంతుల మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి. నూనె తిండీ వద్దు, ఇడ్లీ మంచిది. మధ్యాహ్నం గాలి లేస్తుంది కనుక కడుపులో తిప్పే గుణం ఉన్నవారు పొద్దుటి పడవే ఎక్కండి.

వేరే దేశాల్లో ఉన్నవారికి రెండు మాటలు. ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఆరు గంటల దూరంలో బ్రెమర్ బే ఉంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఓర్కాలు గుంపులుగా చేరతాయి. అది తెరిచిన మహాసముద్రం, అలలు పెద్దవి, రోజంతా పడవలో ఉండాలి. నార్వే ఉత్తర కొసన షెర్వోయ్ దగ్గర నవంబరు నుంచి జనవరి దాకా హెర్రింగ్ చేపల వెంట వస్తాయి. ఆ నెలల్లో పగలంటే కొన్ని గంటల మసక వెలుతురే. అక్కడ నీటిలోకి దిగి ఈత కొట్టించే ప్రయాణాలు అమ్ముతారు. నేను వద్దంటాను. వేటలో ఉన్న జీవుల మధ్యకు మనం దూకాల్సిన అవసరం లేదు.

చివరగా, "ఇంత కష్టం ఎందుకు, కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు ఓర్కాలను తొట్టెల్లో ఉంచే పార్కులో చూపిస్తే సరిపోదా?" అని అడిగేవారు ఉంటారు. అక్కడ కచ్చితంగా కనిపిస్తాయి, దగ్గరగా కనిపిస్తాయి, మాత్రలూ స్వెటర్లూ అక్కర్లేదు. ఈ పోలికలో ఆ వైపు ఉన్న లాభాలు అవే. 1960లు, 70లలో ఈ సాలిష్ సముద్రం నుంచి పార్కుల కోసం పట్టుకుపోయినవీ, పట్టే ప్రయత్నంలో చనిపోయినవీ కలిపి సదరన్ రెసిడెంట్లలో దాదాపు 50 పోయాయి. వాషింగ్టన్‌లో ఆ పట్టివేతలు 1976లో గానీ ఆగలేదు. 1970 ఆగస్టులో విడ్‌బీ దీవి పెన్ కోవ్‌లో వల వేసి తల్లి నుంచి విడదీసిన టోకిటే, మయామీ తొట్టెలో అర్ధ శతాబ్దానికి పైగా ఉండి, ఇంటికి తీసుకొస్తామన్న మాట తీరకముందే 2023 ఆగస్టులో చనిపోయింది. పెన్ కోవ్‌లో ఇప్పుడు మసెల్స్ పెంచుతారు. అనకోర్టెస్ నుంచి సియాటిల్ తిరిగి వచ్చేటప్పుడు విడ్‌బీ మీదుగా వస్తే కూప్‌విల్ అనే చిన్న ఊరి రేవు నుంచి ఆ నీళ్ళు కనిపిస్తాయి. మా పిల్లలు పార్కు గురించి అడిగిన ఏడాది మేము ఆ దారిన వచ్చాం. రేవు మీద నిలబడి టోకిటే కథ చెప్పాను. ఆ తరువాత వాళ్ళు పార్కు మాట ఎత్తలేదు.